బాగా వచ్చిన పనే ముందు వదిలేయండి

ఆషాఢం వస్తే మా ప్రెస్సులో రెండో మిషన్ మీద దుప్పటి కప్పేస్తాం. పెళ్లిళ్లుండవు, శుభలేఖలుండవు. ఆఫీసు పనికి మనిషిని పెట్టుకోదలిస్తే ఆ నెలలోనే పెట్టుకోండని తోటి ప్రెస్సులవాళ్లకు చెబుతాను. పని లేని రోజుల్లో జీతం దండగ కదా అంటారు. బావమరిది ఖాళీగా ఉన్నాడు, వాడికి అప్పజెబితే సరిపోతుంది అంటారు కొందరు. జీఎస్టీ నా బుర్రకెక్కదు, ముందు అది ఎవరికైనా వదిలించుకోవాలి అంటారు దాదాపు అందరూ. ఈ మూడు మాటలకూ నేను అడ్డం చెబుతాను. అందుకే నా సలహాలన్నీ తిరగేసినట్టుంటాయని మా వీధిలో పేరు. ఉండనివ్వండి. విజయవాడలో ఇరవై రెండేళ్లుగా ఆఫ్‌సెట్ ప్రెస్సు నడుపుతున్నాను. అందులో పదిహేనేళ్లు బిల్లు పుస్తకం నా చేతిలోంచి కదలనివ్వలేదు. ఆ తర్వాత ఒకేసారి మొత్తం వదిలేశాను. రెండు విధాలా నష్టపోయాకే అప్పగించడం నేర్చుకున్నాను. ఎవరికి నచ్చినా నచ్చకపోయినా, నాకు పనికొచ్చినవి ఇవి.

ముందు మీకు బాగా వచ్చిన పని ఇచ్చేయండి

చేసే పనులన్నీ కాగితం మీద రాసుకుని, నచ్చనివీ చేతకానివీ ముందు ఎవరికైనా ఇవ్వమని చెబుతారు. నేను దానికి ఎదురు చెబుతాను. మీకు కళ్లు మూసుకున్నా వచ్చే పని ఏదో అది ముందు ఇవ్వండి.

నాకు అలాంటిది కొటేషన్. పార్టీ వచ్చి వెయ్యి కార్డులు, రెండు రంగులు, లోపల ఒక ఇన్సర్టు, పైన వినాయకుడు గోల్డ్ ఫాయిల్‌లో, కవరు మీద ఇంటిపేరు అంటే, ఆయన మాట పూర్తయ్యేలోపు నా నోట్లో రేటు ఉండేది. కాగితం ఎన్ని షీట్లు, ప్లేట్లు ఎన్ని, కటింగ్ వేస్టేజీ ఎంత, డై ఉందా చేయించాలా, అన్నీ మనసులోనే లెక్క. ఇది వ్యాపారానికి గుండెకాయ, దీన్ని మాత్రం వదలకు అన్నారు నా శ్రేయోభిలాషులు. నేను ఆఫీసు పనికి కొత్తగా పెట్టుకున్న అమ్మాయికి మొదట ఇచ్చింది అదే.

కారణం చెబుతాను. ఆమె 7,200 రావాల్సిన చోట 6,400 వేస్తే, కూడిక చూడకుండానే నాకు తెలిసిపోతుంది. కాగితం ధర పాతది తీసుకుంది, లేదా ఇన్సర్టుకు ప్రింటింగ్ వేయడం మరిచిపోయింది. ఎక్కడ తప్పిందో వేలు పెట్టి చూపించగలను. రెండు నెలల్లో ఆమె వేసే కొటేషన్లలో నేను దిద్దాల్సినవి వారానికి ఒకటికి మించలేదు. మనకు బాగా తెలిసిన పనిలోనే మనం మంచి గురువులం. తెలియని పని ఎవరికైనా ఇస్తే వాళ్లు బాగా చేస్తున్నారో పాడు చేస్తున్నారో మనకు తెలిసే దారి లేదు. దాన్ని అప్పగించడం అనకూడదు, అది పని వదిలించుకోవడం.

ఇంకో సంగతీ ఉంది. మన రోజంతా తినేసేది బాగా వచ్చిన పనే. చేతకాని పని ఎలాగూ వాయిదా వేస్తాం, దానికి పోయే టైము తక్కువ. చేతనైన పని మాత్రం పొద్దున్నుంచి రాత్రిదాకా మనల్ని కుర్చీకి కట్టేస్తుంది, ఎందుకంటే అది చేస్తున్నప్పుడు మనకు ఘనంగా ఉంటుంది. కొటేషన్లు ఇచ్చేశాక నాకు రోజుకు మూడు గంటలు మిగిలాయి. ఆ మూడు గంటలు ఎక్కడ పెట్టానంటే, నాకు రాని పని నేర్చుకోవడంలో.

రాని పని మూడు నెలలు మీరే చేయండి

జీఎస్టీ 2017 జులై 1న వచ్చింది. ఆ రోజుల్లో మా వీధిలో ప్రతి కొట్టులోనూ ఒకటే మాట: అదంతా ఆడిటర్ చూసుకుంటాడు. నేనూ అదే అన్నాను. ఆడిటర్ వద్దని నేను చెప్పడం లేదు. ఆయన ఫీజు ఆయనకు ఇవ్వాల్సిందే, ఆయన మాట వినాల్సిందే. కానీ మొదటి మూడు నెలలు ఆ పోర్టల్లో మీ వేలితో మీరు నొక్కండి. ఆయన్నో, ఆయన దగ్గర పనిచేసే కుర్రాడినో పక్కన కూర్చోబెట్టుకోండి.

మూడు నెలల్లో మీరు పండితులు కారు. కానీ నాలుగు సంగతులు ఒంటబడతాయి. నెలనెలా దాఖలు చేసేవాళ్లకు అమ్మకాల వివరాల జీఎస్టీఆర్-1 మరుసటి నెల 11లోగా, పన్ను కట్టే 3బి 20లోగా వెళ్లాలి. టర్నోవరు 5 కోట్ల లోపుంటే మూడు నెలలకోసారి దాఖలు చేసే వీలు 2021 జనవరి నుంచి ఉంది, అయినా ఆ మూడింటిలో మొదటి రెండు నెలల పన్ను మాత్రం మరుసటి నెల 25లోగా కట్టాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఆ 11, 20 తేదీల మధ్యన ఉంది. 14వ తేదీన పోర్టల్లో 2బి అనే పట్టిక తయారవుతుంది. మనకు సరుకు అమ్మినవాళ్లు తమ రిటర్నులో మన బిల్లు చూపిస్తేనే అది మన 2బిలోకి వస్తుంది. అక్కడికి రాని బిల్లు మీద మనం కట్టిన పన్నును 2022 జనవరి నుంచి తగ్గించుకోవడానికి లేదు. అంటే కాగితం కొట్టుకు మనం పన్నుతో సహా డబ్బు కట్టేసినా, ఆయన బిల్లు ఎక్కించకపోతే ఆ పన్ను మనం రెండోసారి కట్టినట్టే.

ఈ ఒక్క ముక్క తెలియక నేను 1,12,000 రూపాయలు పోగొట్టుకున్నాను. అది చెప్పాలంటే బావమరిది సంగతి చెప్పాలి.

అడగలేని మనిషికి అప్పగించకండి

నమ్మకమైనవాడికి లెక్కలు ఇవ్వమంటారు. నేను మాత్రం, ‘ఏదీ, చూపించు’ అని మొహమాటం లేకుండా అడగగలిగిన మనిషికి ఇవ్వమంటాను. ఈ రెండూ ఒకటి కావు. చాలాసార్లు ఒకదానికొకటి ఎదురుగా నిలబడతాయి.

మా బావమరిది బి.కాం. చదివాడు. మంచివాడు, ఒక్క రూపాయి ముట్టుకునేవాడు కాదు. పదిహేనేళ్లు అన్నీ నెత్తిన వేసుకుని అలసిపోయి, ఒక రోజు తాళాలగుత్తితో సహా ఆఫీసు మొత్తం అతనికి ఒప్పజెప్పాను. మళ్లీ ఆ గదిలోకి తొంగి చూడలేదు. ఎప్పుడైనా అడగబోతే, ‘అంతా చూస్తున్నాలే బావా’ అనేవాడు. రెట్టించి అడిగితే అనుమానించినట్టవుతుందని నాకు బెరుకు. అడిగితే ఇంట్లో వాళ్ల అక్క మొహం ఎలా ఉంటుందో అని ఇంకో బెరుకు.

మాకు కాగితం వేసే ఒక కొట్టువాళ్లు తమ రిటర్నులో మా జీఎస్టీ నంబరు ఒక అంకె తప్పు ఎక్కించారు. ఏడాది పొడుగునా అదే తప్పు. మా బిల్లులు ఇంకెవరి ఖాతాలోకో వెళ్లాయి, మా 2బిలోకి రాలేదు. నెలనెలా 2బితో మన కొనుగోలు బిల్లులు పక్కపక్కన పెట్టి చూసుకుంటే మొదటి నెలలోనే బయటపడేది, వాళ్లు దిద్దేవాళ్లు. అతనికి అలా చూడాలని తెలియదు. తెలియదని నాకు చెప్పడానికి అతనికి మొహమాటం. చూశావా అని అడగడానికి నాకు మొహమాటం. ఒక ఆర్థిక సంవత్సరం బిల్లుల మీద పన్ను క్రెడిట్ తీసుకోవడానికి ఆఖరి గడువు ఆ తర్వాత వచ్చే నవంబరు 30. 2022-23 సంవత్సరానికి అది 2023 నవంబరు 30. ఆడిటర్ ఫైళ్లు అడిగి చూసేసరికి డిసెంబరు నడుస్తోంది.

డబ్బు పోతే మళ్లీ రావచ్చు. ఆ సంక్రాంతికి బావమరిది మా ఇంటికి రాలేదు. పై సంక్రాంతికీ రాలేదు. నేను అతన్ని ఒక్క మాట అనలేదు, అతనే సిగ్గుపడి మొహం చాటేశాడు. చూడకుండా వదిలేసి అతన్ని ఆ స్థితికి తెచ్చింది నేనే. నెలకోసారి అతని పక్కన గంట కూర్చుని ఉంటే అతనికి ఆ అవమానం తప్పేది. లెక్క అడగడం అవతలివాళ్లను కాపాడటానికే అని నాకు అప్పుడు అర్థమైంది. ఏదైనా తేడా వస్తే, ‘మేం ప్రతి నెలా ఇద్దరం కలిసి చూశాం’ అని చెప్పుకునే ఆసరా పనిచేసేవాళ్లకు ఉండాలి. ఆ ఆసరా ఇవ్వకుండా నమ్మకం పేరుతో మోయలేని బరువు పెడుతున్నాం.

మన పాత తరాలకు ఈ సంగతి ఇంకో రూపంలో తెలుసు. ఊళ్లో భూముల లెక్క కరణం ఒక్కడికే చదవడం వచ్చినన్నాళ్లు, ఆయన మంచివాడైనా చెడ్డవాడైనా ఊరు ఆయన గుమ్మం ముందు నిలబడాల్సిందే. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసినప్పుడు, లెక్కలు తెలిసినవాళ్లను తీసేస్తే ఎలా అని బాధపడినవాళ్లూ ఉన్నారు. కానీ ఒక్కడికే అర్థమయ్యే లెక్క ఎవరి చేతిలో ఉన్నా ప్రమాదమే. చిన్న వ్యాపారాల్లో మనం ఇష్టపడి ఒక కరణాన్ని తయారు చేసుకుంటాం. పదేళ్లకు ఆయన జ్వరం వచ్చి పడుకుంటే, ఫలానా పార్టీ ఎంత ఇవ్వాలో చెప్పగలిగినవాళ్లు ఆఫీసులో ఉండరు.

పని లేని నెలలో, అనుభవం లేని మనిషిని పెట్టుకోండి

సీజన్లో చేతులు చాలక మనిషిని పెట్టుకుంటాం. ఆ రోజుల్లో నేర్పే ఓపిక ఎవరికీ ఉండదు. పార్టీ ఎదురుగా నిలబడి ఉంటే, నేర్పేకంటే మనం చేసేయడమే సులువు. అలా మూడు నెలలు చేసేశాక, ఈ పిల్లకు ఏమీ రాదు అని తేల్చేస్తాం. అందుకే ఆషాఢం. పుష్యమాసమైనా సరే, మూఢం పడిన నెలైనా సరే. మా వృత్తిలో అవి ఖాళీ రోజులు. మీ వ్యాపారంలో ఖాళీ రోజులు ఏవో మీకు తెలుసు. ఆ నెల జీతం దండగ అనుకోకండి, స్కూలు ఫీజు అనుకోండి. ఆషాఢం చివరి వారానికి శ్రావణం ముహూర్తాల ఆర్డర్లు మొదలవుతాయి. అప్పటికి ఆ మనిషి కుదురుకోవాలి.

అనుభవం ఉన్నవాళ్లను ఎందుకు వద్దంటున్నానంటే, వాళ్లు ఇంకో ఆఫీసు అలవాట్లతో వస్తారు, మనల్ని ఏమీ అడగరు. కొత్తవాళ్లు అడుగుతారు. మా దగ్గరికి వచ్చిన అమ్మాయి అప్పుడే డిగ్రీ పూర్తి చేసింది. మొదటి వారంలో ఆమె అడిగిన ప్రశ్నల్లో సగానికి నా దగ్గర జవాబు లేదు. ‘సార్, ఈ స్కూలు బిల్లు ట్రస్టు పేరు మీద ఎందుకు వేస్తున్నాం?’ ఎందుకంటే వాళ్లు ఎప్పుడో పన్నెండేళ్ల కిందట అలా అడిగారు, నా చేతికి అలవాటైంది. ఇలాంటివి మన తలలో ఉండవు, చేతిలో ఉంటాయి. వాటిని బయటికి లాగేది ఏమీ తెలియని మనిషి ప్రశ్నే.

పని ఎలా చేయాలో మీరు రాసి ఇవ్వకండి. నేర్చుకునేవాళ్లనే రాయనివ్వండి. ఒక రెండువందల పేజీల నోటు పుస్తకం కొనిచ్చాను. నేను చేసి చూపించడం, ఆమె తన మాటల్లో రాసుకోవడం, సాయంత్రం నాకు చదివి వినిపించడం. నేనే రాస్తే ‘చెక్కు జాగ్రత్తగా చూసుకోవాలి’ అని రాసేవాణ్ని. ఆమె ఇలా రాసింది: చెక్కు తీసుకోగానే తేదీ చూడాలి, మూడు నెలలు దాటితే చెల్లదు, అంకెలూ అక్షరాలూ ఒకటేనా చూడాలి, సంతకం ఉందా, కొట్టివేత ఉంటే వెనక్కి ఇవ్వాలి, తీసుకున్న రోజే ఫోటో తీయాలి. ఈ ఆఖరిది నేను చెప్పలేదు. ఆమె కలుపుకుంది.

తేదీల పని మీ దగ్గర పెట్టుకోకండి

ముఖ్యమైన గడువులు యజమాని స్వయంగా చూసుకోవాలంటారు. నాకు ఈ మాట వింటే భయం. గడువు గుర్తుంచుకోవడానికి యజమాని కంటే పనికిరాని మనిషి ఉండడు. ఆయన చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉంటారు.

నేను అన్నీ నా దగ్గరే పెట్టుకున్న రోజుల్లో ఒక పార్టీ ఇచ్చిన చెక్కు బౌన్సైంది. బ్యాంకు ఇచ్చిన మెమో నా టేబుల్ మీదికి వచ్చింది. దాని మీద శుభలేఖల ప్రూఫులు పడ్డాయి. ప్రూఫుల మీద కాగితం శాంపిళ్లు పడ్డాయి. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోగా అవతలివాళ్లకు రాతపూర్వకంగా నోటీసు పంపాలి. నోటీసు అందాక 15 రోజుల్లో వాళ్లు కట్టకపోతే, ఆ తర్వాత నెలలోగా కోర్టులో ఫిర్యాదు వేయాలి. చట్టం లెక్క అది. చెక్కు గడువు ఉన్నంతవరకు బ్యాంకులో మళ్లీ వేసుకునే వీలుంటుంది, కానీ మాది అప్పటికే మూడు నెలలకు దగ్గరపడిన చెక్కు. ప్రూఫుల కింద మెమో దొరికేసరికి 41వ రోజు. ఆ డబ్బు నాకు ఇప్పటికీ రాలేదు.

మేం ఏటా వేల క్యాలెండర్లు అచ్చేస్తాం. తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం అన్నీ తప్పుల్లేకుండా దిద్ది ఇస్తాం. మా ఆఫీసు గోడకు మాత్రం మా తేదీలు ఉండేవి కావు. ఇప్పుడు ఉన్నాయి. టీడీఎస్ కోసుకున్నవాళ్లకు 7. వృత్తిపన్ను 10. జీఎస్టీఆర్-1 కి 11. పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నవాళ్లకు 15. 3బికి 20. వృత్తిపన్ను మన రెండు రాష్ట్రాల్లోనూ జీతం 15 వేలు దాటితే 150, 20 వేలు దాటితే 200. మేం ఎనిమిది మందిమే కాబట్టి ఈఎస్ఐ మాకింకా లేదు, పదిమందికి చేరిన నెల నుంచి ఉంటుంది. ఆ మాట కూడా ఆ కాగితం అడుగున రాసి ఉంది, ఎందుకంటే పదో మనిషిని పెట్టుకునే ఉత్సాహంలో అది ఎవరికీ గుర్తుండదు. ఆ కాగితం ఆ అమ్మాయిది. పని అయిన రోజు ఆమె టిక్కు పెడుతుంది. నేను టీ తాగడానికి వెళ్తూ చూస్తాను.

తిరిగొచ్చే తప్పులు చేయనివ్వండి

ఆమె వచ్చిన నాలుగో నెలలో 20వ తేదీ దాటిపోయింది, 3బి వెళ్లలేదు. గోడ మీద టిక్కు లేదని 20వ తేదీ సాయంత్రమే చూశాను. చెప్పలేదు. మా ఆవిడ కూడా ఇది తప్పంటుంది, నీకు తెలిసి ఊరుకోవడమేంటని. నేను ఇప్పటికీ అది సరైన పనే అంటాను. 23న ఆమే కంగారుగా వచ్చింది, కళ్లలో నీళ్లు. రోజుకు 50 చొప్పున మూడు రోజులకు 150 రూపాయలు ఆలస్య రుసుము, పన్ను మీద ఏడాదికి 18 శాతం చొప్పున మూడు రోజుల వడ్డీ. నేను కట్టాను, ఆమె జీతంలోంచి పైసా తీయలేదు. ఆ తర్వాత ఏ తేదీ తప్పలేదు. నేను 20న గుర్తు చేసి ఉంటే, ప్రతి నెలా 20న నేనే గుర్తు చేయాల్సి వచ్చేది. గుర్తు చేసే పని నా దగ్గర ఉన్నంతకాలం నేను ఆ పని ఇంకా ఇవ్వనట్టే లెక్క.

అయితే తిరిగిరాని తప్పులున్నాయి. బౌన్సైన చెక్కు నోటీసు. నవంబరు 30. యాభై వేలు దాటిన సరుకు ఈ-వే బిల్లు లేకుండా బండెక్కడం. దారిలో ఆపితే పన్నుకు రెండింతలు పెనాల్టీ, పైగా పెళ్లి ముహూర్తానికి కార్డులు చేరవు. ఇలాంటివి గోడ కాగితం మీద ఎర్ర అక్షరాల్లో ఉంటాయి. వాటికి ఇద్దరి టిక్కులూ ఉండాలి. ఏది తిరిగొచ్చే తప్పు, ఏది తిరిగిరానిది అని మొదటి రోజే విడదీసి చెప్పడం యజమాని పని.

డబ్బు డబ్బా మొదటి రోజే ఇవ్వండి

ఏడాది చూశాక గానీ నగదు ముట్టనివ్వకండి అంటారు. నేను మొదటి రోజే 5,000 ఉన్న డబ్బా ఇచ్చాను. ఆటో కిరాయి, కొరియర్, టీ, గమ్ము, ట్వైన్ దారం, అన్నీ అందులోంచే. ప్రతి ఖర్చుకూ ఒక చీటీ. ఏ క్షణం లెక్కపెట్టినా డబ్బాలో నోట్లూ చీటీలూ కలిపి 5,000 ఉండాలి. శనివారం సాయంత్రం చీటీలు తీసుకుని అంత డబ్బు మళ్లీ వేస్తాను. ఇందులో అనుమానానికీ నమ్మకానికీ చోటు లేదు, కూడిక ఒక్కటే ఉంది. బాధ్యత అంటే ఎలా ఉంటుందో కొత్త మనిషి చేతికి తెలిసేది ఇక్కడే. ఒకే మనిషికి ఒకే రోజు పదివేలకు మించి నగదుగా ఇస్తే ఆదాయపు పన్నులో ఆ ఖర్చు ఒప్పుకోరన్న సంగతి కూడా ఆమెకు ఆ డబ్బాతోనే చెప్పాను.

బ్యాంకు సంగతి వేరు. కరెంటు అకౌంటుకు చాలా బ్యాంకులు ఇద్దరు మనుషుల పద్ధతి ఇస్తాయి. ఒకరు చెల్లింపు ఎక్కిస్తారు, ఇంకొకరు సరే అంటేనే డబ్బు కదులుతుంది. వెళ్లి అడిగి పెట్టించుకోండి. ఎక్కించడం ఆమె పని, సరే అనడం నాది. ఓటీపీ ఫోన్లో చదివి చెప్పే అలవాటు చాలామంది యజమానులకుంది. మిషన్ శబ్దంలో నిలబడి, దేనికో కూడా అడక్కుండా ఆరంకెలు చెప్పేస్తారు. అది సంతకం. రాసిన చెక్కు చూడకుండా సంతకం పెడతారా? సంతకం చేసిన ఖాళీ చెక్కుల పుస్తకం సొరుగులో వదిలి తిరుపతి వెళ్లొచ్చినవాళ్లు నాకు తెలుసు. ఏమీ జరగలేదు కదా అంటారు. ఏదైనా జరిగి ఉంటే ఆ సొరుగు దగ్గర కూర్చున్న మనిషి జీవితం ఏమయ్యేదో ఆలోచించరు.

టాలీ కొంటే పని దానంతటదే అయిపోతుందనుకోకండి, ఆ మాట ఒక్కటి చెప్పి వదిలేస్తాను. కాగితం మీద పద్ధతి కుదిరాక కంప్యూటర్లోకి వెళ్లండి. మాకు అందుకు ఏడు నెలలు పట్టింది.

ఈ రెండు ఎవరికీ ఇవ్వకండి

బాకీల వసూలు కోసం ఫోన్లు చేయడం మనకు ఇబ్బంది, కాబట్టి గుమాస్తాతో చేయిస్తాం. మామూలు పార్టీలకు సరే. బిల్లు ఇచ్చిన వారానికి ఒక గుర్తు, నెలకు ఒక గుర్తు ఆమే చేస్తుంది. మా బిల్లు పుస్తకం మీద ఉద్యమ్ నంబరు అచ్చేశాం. మీరు సరుకు తయారుచేసేవాళ్లో, సేవ చేసేవాళ్లో అయి, చిన్న పరిశ్రమగా నమోదై ఉంటే మీరూ వేయించండి. రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజులు, లేకపోతే 15 రోజులు దాటి మన బిల్లు ఆపిన కంపెనీ, డబ్బు కట్టేదాకా ఆ ఖర్చును తన ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోలేదు. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఉన్న రూలు ఇది. కేవలం కొని అమ్మే వ్యాపారులకు వర్తించదు. మార్చి నెలలో ఈ ఒక్క నంబరు పది ఫోన్ల పని చేస్తుంది. కానీ ఇరవై ఏళ్లుగా మన దగ్గరే అచ్చేయించుకునే పెద్దాయన బాకీ పడితే, ఫోను మనమే చేయాలి. ఆయన ఎందుకు కట్టలేదో ఆ అమ్మాయికి చెప్పడు. నాకు చెబుతాడు. కొడుకు ఆపరేషన్ అని తెలిశాక ఎన్ని నెలలు ఆగాలో నిర్ణయించేది నేను, ఆమె మీద ఆ భారం పెట్టకూడదు.

రెండోది జీతం. డబ్బు బ్యాంకులోకి వెళ్లినా, ఒకటో తేదీ సాయంత్రం చీటీ మాత్రం ఒక్కొక్కరికీ నా చేత్తో ఇస్తాను. రెండు నిమిషాలు నిలబడతారు. మా మిషన్ మ్యాన్ పెద్దాయన, ‘బాబూ, చూపు కాస్త మందగిస్తోంది, సన్నక్షరాలు రిజిస్టర్ కుదరడం లేదు’ అని చెప్పింది ఆ రెండు నిమిషాల్లోనే. ఎన్నేళ్లుగా ఆ మాట దిగమింగుకుని పనిచేస్తున్నాడో.

ఏడాదికి పది రోజులు పని వెనక్కి తీసుకోండి

బాగా పనిచేసే మనిషిని సెలవుపెట్టకుండా చూసుకుంటాం. నేను ఆషాఢంలో పది రోజులు బలవంతంగా పంపిస్తాను, జీతంతో. బ్యాంకుల్లో కీలకమైన సీట్లలో ఉన్నవాళ్లకు ఏడాదికి కనీసం పది పనిదినాలు ముందుగా చెప్పకుండా తప్పనిసరి సెలవు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. అక్కడ మోసాలు బయటపడటానికి అది. నాకు కారణం వేరే. అప్పగింతల్లో కూతురి చేయి పాలల్లో ముంచి అవతలివాళ్ల చేతిలో పెట్టినా, మొదటి ఆషాఢానికి పుట్టింటికి తెచ్చుకుంటాం. నెల రోజులు కళ్లారా చూసుకుని, ఎలా ఉందో తెలుసుకుని మళ్లీ పంపుతాం. పని కూడా అలా ఒకసారి మన కళ్ల ముందుకు రావాలి.

పోయిన ఆషాఢం ఆమె తెనాలి వెళ్లింది. నేను ఆమె కుర్చీలో కూర్చుని సొరుగు తీశాను. నోటు పుస్తకం పైనే ఉంది. మొదటి పేజీలో ‘నేను లేనప్పుడు చూసేవాళ్లకు’ అని రాసి, ఏ పని ఏ పేజీలో ఉందో వరసగా వేసింది. ఆ పేజీలు పట్టుకుని 2బి దించుకున్నాను, బిల్లులు పక్కన పెట్టి చూశాను. పదకొండో మెట్టు దగ్గర ఆగిపోయాను. వెనక్కి ఇచ్చిన కాగితానికి కొట్టువాళ్లు ఇచ్చిన క్రెడిట్ నోటును ఎక్కడ తగ్గించాలో రాయలేదు. ఆమె చేతికి అలవాటైపోయి రాయడం మరిచింది. ఫోను చేద్దామనుకుని, సెలవులో ఉందని మానేశాను. ఆడిటర్ గారిని అడిగి తెలుసుకుని, ఆ మెట్టు కింద పెన్సిల్‌తో రెండు లైన్లు రాశాను. ఆమె వచ్చిన రోజు ఆ పేజీ చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా పెన్సిల్ రాత మీద నీలం పెన్నుతో దిద్ది, పక్కన తేదీ వేసింది.